ఆగని బొమ్మ

నరసాపురంలో మా పక్కింటి అత్తయ్యగారు చేత్తో లేసు అల్లుతున్నా, చెవి మాత్రం భర్త గదివైపే ఉండేది. పక్షవాతంతో మంచం పట్టిన ఆయన రోజంతా టీవీ చూసేవారు. వైఫై అందక బొమ్మ ఆగినప్పుడల్లా "ఇదిగో, ఆగిపోయింది" అని పిలిచేవారు. అంతకు మించి మాట్లాడేవారు కాదు. ఆవిడ అల్లిక పక్కన పెట్టి వెళ్లి, టీవీకున్న చిన్న పెట్టెను కిటికీ వైపు జరిపేవారు. చూడలేక, బొమ్మ ఆగకుండా నేనే ఆ పెట్టెకు ఇంటర్నెట్ వైరు లాగాను.

నెల తిరక్కుండానే ఆవిడ కబురు పెట్టారు.

"ఆ వైరు పీకేయండి బాబూ."

"మళ్లీ ఆగుతోందాండీ?"

"ఆగట్లేదు. ఆగితేనే కదా, ఆయన నన్ను పిలిచేది."

వైరు పీకాను. బొమ్మ ఆగింది. ఆవిడ సూది చేతిలో ఉండగానే లేచి, గుమ్మంలో నిలబడ్డారు. ఆయన ఆగిన బొమ్మనే చూస్తూ పడుకున్నారు. పిలవలేదు.