గడ్డి లేని నేల

బొమ్మలాయన కాగితం మీద ఉఫ్‌మని ఊదుతాడు. రబ్బరు పొట్టు ఉన్నా ఊదుతాడు, లేకపోయినా ఊదుతాడు. ఖాళీ కంచం మీద కూడా ఊదాడని ఆయన భార్య అందరికీ చెప్పి నవ్వుతుంది.

పిల్లల పత్రికలో జంతువుల కథలకు బొమ్మలు వేయడం ఆయన పని. ముందు పెన్సిలుతో గీసుకుని గోడకు గుచ్చుకుంటాడు. ఆయన గీసిన ఎలుగుబంటి అలిగితే బుజ్జగించాలనిపిస్తుంది. కాని ఒక్క జంతువుకూ పాదాలుండవు. అవి గీయడం ఆయనకు చేతకాదు. అందుకే అన్నిటినీ గడ్డిలో నిలబెట్టాడు. ఎడారిలో ఒంటె కింద కూడా పచ్చిక మొలిచింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

ఈసారి కథలో గుర్రం వంటింట్లో దూరింది.

"గచ్చు మీద గడ్డేమిటయ్యా?" అన్నాడు ఎడిటరు. "కాళ్లు కనబడాలి. శుక్రవారానికి కాకపోతే చెప్పు, పేజీ ఇంకొకరికిస్తాను. మొహమాటం లేదు."

గురువారం ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. గీశాడు, చెరిపాడు, లేచాడు. గుర్రం కాళ్లు ఒకసారి కుర్చీ కాళ్లలా, ఒకసారి తడిసిన మేజోళ్లలా వచ్చాయి. కాగితం పలచబడి చిరిగింది. వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం కావాలి?" అంది భార్య.

"ఏం లేదు."

"అయితే అడ్డం లేవండి. పొద్దున్నుంచీ కాలుకాలిన పిల్లిలా ఒకటే తిరుగుడు."

ఆవిడ పై అరలో డబ్బా కోసం మునివేళ్ల మీద లేచింది. మడమ నేల విడిచింది.

"అలాగే ఉండు!"

"డబ్బా అందలేదండీ!"

"అందకపోతేనే మంచిది. కదలకు."

గుర్రం వెనక కాలికి వెనక్కి వంగినట్టుండేది మోకాలు కాదు, మడమ. అది ఎప్పుడూ మునివేళ్ల మీదే నిలబడి ఉంటుంది, అందనిదేదో ఉన్నట్టు. గుమ్మంలోనే చతికిలబడి గీశాడు.

ఆవిడ వంగి చూసింది. "మీ గుర్రానికి నా కాళ్లే దొరికాయా? మీవి లేవూ?"

"నావి బల్ల కింద ఉంటాయి. కనబడవు."

శుక్రవారం ఎడిటరు బొమ్మను చాలాసేపు చూశాడు. "ఇక్కడ ఒక్క క్షణం కూడా ఆగేలా లేదే ఇది," అని తీసుకున్నాడు.

పేజీ నిలిచింది. ఆయనకు మాత్రం స్థిమితం చిక్కలేదు. గోడ మీది కుందేలు, ఎలుగు, ఒంటె తననే చూస్తున్నాయి.

మర్నాడు పొద్దున మొహమైనా కడుక్కోకుండా కుందేలును గోడ మీంచి దింపి, దాని కింద గడ్డిని చెరపడం మొదలుపెట్టాడు.