వాలు మీద చూసిన ఆయిల్

“ఇంజన్ నూనె తాగతా ఉండాదిమా. దీన్ని ఇంక పెట్టుకోని లాభం లే.”

“తాగేదానికి అదేమన్నా నీ మామనా? నువ్వు చూసింది యాడ? ఆ వాలు మీదనే కదా?”

“యాడ చూస్తే ఏందిమా? గేజు గేజే.”

“వాలు మీద చెంబు పెట్టి నీళ్ళెంతుండాయి అంటే ఏం చెప్తావు నైనా? ఒక పక్క నిండుగా, ఒక పక్క వెలితిగా కనపడతాయి. కిందికి దించి చూడు.”

“సుమ్మా ఉండుమా, ఊరుకో. బండి గురించి నీకేం తెలుసు?”

సోమవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, ఇంటి ముందు నాకూ నా కొడుకుకూ జరిగిన మాటలివి. గడపలో నిలబడి వింటున్న కోడలు, వాళ్ళ నాన్న తాగుడు మాట రాగానే లోపలికి వెళ్ళిపోయింది. అన్నందుకు నేనేమీ బాధపడలేదు. కారు అమ్మేద్దామనే మాట వాడి నోటి చివరి దాకా వచ్చి ఉందని నాకు అర్థమైంది. ఆ కారు పోతే మా అక్క కాలూ చెయ్యీ అంతటితో పోయినట్టే.

అక్క అరియాంకుప్పంలో ఉంటుంది. బిడ్డలు లేరు, బావ ఎప్పుడో పోయాడు. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయినప్పటి నుంచి ఆమె ఇంట్లో అద్దెకున్న ఆవిడే అన్నం పెడుతోంది. మంగళవారం మా అంగడికి సెలవు. ఆ రోజు నా కొడుకు కారు తీస్తే, ముందు సీటు వెనక్కి వాల్చి అక్కను పడుకోబెట్టి కదిర్కామంలో ఆసుపత్రికి తీసుకుపోతాం. అక్కడ కాలూ చెయ్యీ ఆడించి పంపుతారు. ఆటోలో ఆమె కూర్చోలేదు. ఒకసారి ఎక్కించి చూశాం, మలుపు తిరగ్గానే నా ఒళ్ళోకి ఒరిగి, నేను పట్టుకొనేలోపే జారి కిందపడింది. పోయిన మంగళవారం రెండు వేళ్ళు ముడిచింది. నా కొంగు పట్టుకొని లాగింది కూడా. ఇన్నాళ్ళ తిరుగుడుకు వచ్చిన ఫలం అదొక్కటే. అదీ కొత్తగా వచ్చింది.

బండి గురించి నీకేం తెలుసు అన్నాడు వాడు. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, నిజమే. కానీ మా ఆయనకు చివరి రోజుల్లో చూపు మందగిస్తే, ఆయిల్ ఎంతుందో చూపే ఆ సన్నటి ఇనుప బద్దను, అదే గేజును, ఆయన బయటికి తీస్తే, ఎక్కడిదాకా తడిసిందో నేను చూసి చెప్పేదాన్ని. దానిమీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. ఆయిల్ రెండింటి మధ్య ఉండాలి. అది చూడడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంజన్ ఆపిన వెంటనే చూడకూడదు, పైకెక్కిన ఆయిల్ దిగే దాకా ఆగాలి. బండి సమంగా ఉన్న నేల మీద నిలవాలి. మొదటిసారి తీసినప్పుడు కనపడేదాన్ని నమ్మకూడదు. గేజును తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి, అప్పుడు తీసి చూడాలి.

మా ఇంటి ముందర సమంగా ఉండేది ఒక్క జాగానే, అది ముగ్గుది. ముగ్గు మీద చక్రం నిలపడం మా ఇళ్ళలో లేదు. అందుకని కారును పక్కనే కాలువ మీద పోసిన సిమెంటు వాలు మీదికి, ముక్కు పైకి ఉండేట్టు ఎక్కించి నిలుపుతాం. మా ఆయనైతే ఆయిల్ చూడాలనుకున్నప్పుడు ముందు రాత్రే బండిని వీధి చివర నిలిపి, తెల్లవారి స్టార్ట్ చేయకముందు నడిచివెళ్ళి చూసేవాడు. కొడుకుకు అంత ఓపిక ఎక్కడిది? వాలు ఎక్కించి, ఇంజన్ ఆపీ ఆపకముందే గేజు లాగుతాడు. ఆయిల్ కింది గీత దగ్గర కనపడుతుంది. పోస్తాడు. కొన్నాళ్ళకు మళ్ళీ అట్లాగే చూస్తాడు, మళ్ళీ పోస్తాడు. కొని పోసే సరుకు కదా, రెండుసార్లు చూసి పోయాలనే ఆలోచన లేదు. చివరికి బండి వెనకాల గుప్పుగుప్పున పొగ మొదలైంది. “దోమల మందు బండొచ్చింది, తలుపులు మూసుకోండి” అని వీధిలో వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు వాడికి బాగా తగిలింది.

“ముగ్గు మీదికే దించు” అన్నాను.

“కాలు పెడితేనే అరుస్తావు, చక్రం ఎక్కించమంటావా?”

“రేపు మళ్ళీ వేసుకుంటాం. దించు.”

స్టార్ట్ చేయకుండానే హ్యాండ్ బ్రేకు వదిలి వెనక్కి దొర్లించాడు. నేను పాత బనియన్ గుడ్డ ఒకటి పట్టుకొని మెట్టు మీద కూర్చున్నాను. వాడు ఫోను చూసుకుంటూ గోడకు ఆనుకున్నాడు.

“ఇంకా ఎంతసేపుమా? అన్నం ఉడికేది కూడా ఇంతసేపు కాదు.”

“అన్నం ఉడికేది నువ్వెప్పుడు చూసినావు?”

చాలాసేపే ఆపాను. తర్వాత నేనే గేజు తీసి, తుడిచి, పూర్తిగా దించి, మళ్ళీ తీసి వాడి ముఖం ముందు పెట్టాను. ఆయిల్ పై గీత దాటి వేలెడు ఎత్తున ఉంది.

“ఇదేంది? ఇంత నూనె లోపలే ఉంటే తాగిందెవరు? నువ్వు పోసిందంతా దాని కడుపులోనే ఉండాది. ఎక్కువై పొగ కక్కతా ఉండాది. ఎక్కువైనంత తీయించేయ్.”

వాడు గేజు నా చేతిలోంచి తీసుకొని, తుడిచి, తనే దించి, తనే తీశాడు. అంతే ఎత్తు.

“నిజమేమా. ఎక్కువే పోసినా.”

“అయితే అమ్మే ఆలోచన వదిలెయ్యి.”

వాడు బానెట్ మెల్లగా మూశాడు.

“మాట ఇచ్చేసినానుమా. రేపు పొద్దున కొనేవాళ్ళు వస్తా ఉండారు.”

“ఇంజన్ బాగుండాదని ఇప్పుడు నువ్వే చూసినావు కదరా!”

“చూసినా.”

“మరి?”

“నాకు వారానికి ఒక్క దినం సెలవు. అదీ ఆసుపత్రి వరండాలోనే పోతా ఉండాది. నా బిడ్డ ముఖం నేను పగటిపూట చూసి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? పెద్దమ్మ ఇంక నడిచేది లేదుమా. నీకు తప్ప అందరికీ తెలుసు.”

“వేళ్ళు ముడిచింది కదరా.”

వాడు లోపలికి పోయాడు. లోపల కోడలు పళ్ళేలు పెడుతున్న చప్పుడు వినపడింది. కారు వాడి పేరు మీదే ఉంది, నేను అడ్డం పడుకొని చేసేదేమీ లేదు.

ఆయిల్ తాగుతోందన్నది నాతో చెప్పడానికి వాడికి దొరికిన మాట. అది దొరక్కపోతే టైర్లనేవాడు, బ్యాటరీ అనేవాడు. వాడు మనసులో ఎప్పుడో అమ్మేసిన బండికి నేను మోకాళ్ళ నొప్పితో మెట్టు మీద కూర్చొని కొలత సరిచూశాను. నా మాటే నిజమైంది. దాన్ని ఏం చేసుకోవాలి? వాడు చెడ్డవాడని రాయను, వాడి అలసట అబద్ధం కాదు. కానీ ఆ మాట ముందే నా ముఖం మీద అని ఉంటే, అక్క కోసం ఇంకో దారి వెతుక్కొనేదాన్ని. నెలల తరబడి ఇంజన్ మీద నేరం పెట్టి, నాకు ఒక్క రాత్రి మిగిల్చాడు.

మరునాడు పొద్దున ఇద్దరు వచ్చారు. ఒకతను బానెట్ ఎత్తి గేజు తీసి చూసి, ఆయిల్ ఎక్కువైంది, తీసేస్తే సరిపోతుంది, ఇంజన్ గట్టిగా ఉంది అని రెండో అతనితో అన్నాడు. నా కొడుకు తాళం చెవి ఇచ్చాడు. బండి పొగ వదులుతూ వీధి మలుపు తిరిగింది. నేను అక్క ఇంట్లో అద్దెకున్న ఆవిడకు ఫోను చేశాను. అక్కకు స్నానం చేయించి, తల దువ్వి, కుర్చీలో కూర్చోబెట్టేశానని ఆవిడ చెప్పింది. ఈరోజు రావడం లేదని, ఆమెను లోపల పడుకోబెట్టమని చెప్పాను.