కోసిగి నుంచి వచ్చిన పథ్యం

1955వ సంవత్సరం. కర్నూలు అప్పుడు రాజధాని. ఊరినిండా కొత్త ఆఫీసులు, ఇళ్లు చాలక వేసిన డేరాలు, వాటి మధ్య సైకిళ్ల మీద కాగితాలు మోసుకు తిరిగే బంట్రోతులు. అక్కడ ఒక ఆసుపత్రిలో, మగవాళ్ల సర్జికల్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. సర్జికల్ వార్డంటే కోతలు, కుట్లు, విరిగిన ఎముకలు. మాది కడప. నాకు కోపం జాస్తి అని వార్డులో పేరుండేది. ఆ పేరు ఊరికే రాలేదు లెండి.

ఈరన్నను ఒక మధ్యాహ్నం తలుపుచెక్క మీద పడుకోబెట్టి తెచ్చారు. ఇరవై రెండేళ్లవాడు. కోసిగి దగ్గర ఒక పల్లె. ఎనిమిది చదివి, ఏదో ఆఫీసులో తాత్కాలికంగా తపాలా బంట్రోతుగా చేరాడు. సంచి హ్యాండిలుకు తగిలించుకుని వాలులో దిగుతుంటే బ్రేకు పట్టలేదట. ఎదురుగా లారీలోంచి బేతంచెర్ల బండలు దించుతున్నారు. నేరుగా పోయి వాటి మీద పడ్డాడు. తొడ ఎముక రెండుగా విరిగింది. మోకాలి కింద జానెడు పొడవున చర్మం చీలింది. అంత నొప్పిలోనూ "తపాలా సంచి యాడుండాది?" అని అడుగుతూనే ఉన్నాడు.

చీలిన చోట కుట్లు వేశాం. తొడకు ట్రాక్షన్ పెట్టారు డాక్టరు గారు. అంటే కాలిని ఇనుప చట్రంలో ఉంచి, పాదం వైపు తాడు కట్టి, కప్పీ మీదుగా బరువు వేలాడదీస్తాం. ఆ బరువు లాగి ఉంచితేనే విరిగిన ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కకుండా నిలుస్తాయి. పది పన్నెండు వారాలు అలా వెల్లకిలా పడుకోవాల్సిందే. ఈరన్న నోట్లో నాలుక లేని మనిషి. పడుకోమంటే పడుకున్నాడు. సూది వేస్తానంటే చెయ్యి చాపాడు. ఇంత మంచి రోగి దొరకడం నా అదృష్టం అనుకున్నాను.

వాళ్లమ్మ పేరు హనుమక్క. ఆమె రాలేదు. భర్త లేడు, ఇంట్లో అత్త మంచం పట్టి ఉంది. ఆ ముసలామెను లేపి కూర్చోబెట్టడానికి, నోట్లో ఇంత ముద్ద పెట్టడానికి హనుమక్క తప్ప మనిషి లేదు. అందుకని వారానికి రెండు కార్డులు రాయించి పంపేది. ఊళ్లో బడి అయ్యవారు రాసిపెట్టేవారు. ఈరన్న ఒక్కో కార్డును పదిసార్లు చదువుకుని తలగడ కింద దాచుకునేవాడు. ‘పాపం, ఎంత ప్రేమ’ అనుకుంటూ దుప్పటి మార్చేదాన్నే గాని, వాటిలో ఏముందో ఏనాడూ అడగలేదు.

మూడో వారానికి గాయం మానింది. ఆరో వారం ఎక్స్-రే తీశారు. విరిగిన చోట పుట్టే కొత్త ఎముకను కాలస్ అంటారు. అప్పటికి అది ఫిల్ములో బాగా కనిపించాలి. ఈరన్న ఫిల్ములో ఉందా లేదా అన్నట్టుంది. డాక్టరు గారు దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఈ వయసులో ఇట్లా ఉండకూడదు సిస్టర్. ఇంకో ఆరు వారాలు చూద్దాం. అప్పటికీ అతక్కపోతే మద్రాసుకు పంపి ఆపరేషన్ చేయించాలి. కాలు కురచ కావచ్చు."

ఆ మాట ఈరన్న చెవిన పడింది. ఆయన అటు పోగానే నా కొంగు పట్టుకున్నాడు. "సిస్టరమ్మా, నేను మళ్లా సైకిలు తొక్కుతానా? తొక్కలేకుంటే ఆ పని నాకీరు. మాయమ్మకు నేను తప్ప ఎవరుండారు?"

వాణ్ని అప్పుడు సరిగ్గా చూశాను. చెంపలు పీక్కుపోయాయి. మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. డైట్ షీటు తీసి చూస్తే, అంటే ఎవరికి ఏ పూట ఏం పెట్టాలో రాసే కాగితం, అందులో అన్నం, పప్పు, గుడ్డు, పాలు అన్నీ ఇచ్చినట్టే ఉంది. పళ్లేలు ఖాళీగా తిరిగొచ్చినట్టు కింద సంతకం కూడా ఉంది. నాదే.

మరునాడు భోజనాల వేళ తెర వెనక నిలబడ్డాను. ఈరన్న అటూ ఇటూ చూసి, గుడ్డూ పప్పూ పక్క మంచం మీదున్న ఖాసిం సాబు పళ్లెంలోకి జరిపాడు. తను చారునీళ్లు పోసుకుని ఉత్త అన్నం తిన్నాడు. ఖాసిం సాబు జట్కా నడిపే మనిషి, చెయ్యి విరిగి చేరాడు. చేరినప్పుడు చీపురుపుల్లలా ఉండేవాడు, ఇప్పుడు బుగ్గలు నిండాయి.

"ఏం సాబూ, ఇద్దరి కూడూ నువ్వే తింటున్నావా?" అని ముందుకొచ్చాను.

"నన్నేమంటావు సిస్టరమ్మా? వాళ్లమ్మ తినొద్దని రాసెనంట. పారేస్తే పాపం గదా. వద్దు వద్దంటానే తింటాండా."

ఈరన్న తలొంచుకుని తలగడ కింది కార్డులు తీసి ఇచ్చాడు. ప్రతి కార్డులోనూ అదే. నాయనా, పప్పు తినొద్దు, చీము పడుతుంది. గుడ్డు తినొద్దు. పెరుగు తినొద్దు. పాలు తాగొద్దు. వంకాయ ముట్టొద్దు. చారు పోసుకుని తిను. నా మీద ఆన.

"ఏమప్పా, నీకు వైద్యం చేసేది డాక్టరా, మీ అమ్మా?"

"డాక్టరు పెద్దోడే, కాదన్లే. మాయమ్మ ఆన పెట్టినాక నాకు ముద్ద దిగదు సిస్టరమ్మా."

తిట్టాను. బతిమాలాను. గుడ్డు ఒలిచి నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించాడు. ఆ మెత్తటివాడికి అంత పట్టుదల ఉందని నాకేం తెలుసు! ఇక హనుమక్క మీద ఒంటికాలి మీద లేచాను. ఆ సాయంత్రమే కార్డు రాశాను. "మీ పిచ్చి నమ్మకాలతో కొడుకును కుంటివాణ్ని చేస్తున్నారు. డాక్టరు గారి ఆజ్ఞ, వెంటనే ఆన తీసేయండి" అని. రాసి డబ్బాలో వేశాక కడుపు చల్లబడింది.

వారానికి జవాబు వచ్చింది. అయ్యవారు ఆమె మాటలు ఆమె మాటల్లాగే రాసిపెట్టారు.

"నర్సమ్మకు హనుమక్క చెప్పి రాయించేది. నువ్వు చదువుకున్నదానివి, నాకు చదువు లేదు. మా ఆయప్పకు, అదే ఈరన్న నాయనకు, కాల్లో నాగలి కర్రు గుచ్చుకునె. పప్పుబువ్వ తినాలని శానా ఆశపడె. పథ్యం గదా అంటే ఇనకపాయె. ఆ మొగం చూడలేక నేనే కలిపి నా చేత్తో పెడ్తి. మూడోదినం పడిపాయె, వారం తిరక్కుండానే పాయె. ఎనిమిదేండ్లాయె. ఇప్పుడు నా కొడుక్కు పప్పు పెట్టుమని నా నోటితో ఎట్ల చెప్పేది తల్లీ?"

మందుల గదిలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. పిచ్చి నమ్మకమని నేను రాసిన మాట ఆమెకు చదివి వినిపించింది ఆ అయ్యవారే కదా, నలుగురి ముందూ చదివారో ఏమో అని తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు కుంచించుకుపోతుంది.

ఈసారి కార్డు చాలదని ఇన్‌లాండు కవరు తీసుకున్నాను. ఆజ్ఞలేమీ రాయలేదు. "అమ్మా, మొన్న తప్పుగా రాశాను, మన్నించండి. ఈరన్న గాయం మూసుకుంది, చర్మం గట్టిపడింది, నా చేత్తో తడిమి చూశాను. విరిగింది లోపలి ఎముక. దానికి బలం కావాలి. మీ మాట లేకుండా బలవంతాన పెట్టను. ఒక్క వారం ఒప్పుకోండి. రోజూ కాలు చూసి మీకు కార్డు రాస్తాను. ఏమాత్రం ఎర్రబడినా ఆపేస్తాను" అని రాశాను.

ఐదో రోజున వాళ్ల ఊరి మనిషి ఒకడు కోర్టు పనిమీద కర్నూలు వచ్చి, వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గుడ్డతో మూతి కట్టిన ముంత.

"నర్సమ్మంటే నువ్వేనా? హనుమక్క కందిపొడి కొట్టి ఇచ్చినాది. ఆన తీసేసినాననె. ఇంకో మాట చెప్పమనె. ‘పప్పయితే నా చేతిదే తిననీ. ఏమన్నా అయితే పాపం నాకే రానీ, పరాయి ఆడబిడ్డకు వద్దు’ అనె."

ముంత అందుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఏ పప్పుకైతే భయపడిందో ఆ పప్పునే ఆమె మళ్లీ తన చేత్తో కొట్టి పంపింది. అదీ నన్ను కాయడానికి!

వేడి అన్నంలో పొడి వేసి, నెయ్యి చుక్క వేసి ఈరన్న చేతికిచ్చాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "మాయమ్మ చేతిదే సిస్టరమ్మా" అని వెక్కివెక్కి ఏడ్చాడు. పక్క మంచం మీద ఖాసిం సాబు కూడా కళ్లు తుడుచుకున్నాడు. "అల్లా మేలు చేస్తాడు, తినప్పా. నా పళ్లెం దిక్కు మాత్రం చూడొద్దు" అన్నాడు. వార్డంతా నవ్వింది.

ఆ వారం నా అవస్థ చెప్పనలవి కాదు. పొద్దున డ్యూటీకి రాగానే ముందు ఆ కాలే చూసేదాన్ని. ఒకరోజు దోమ కుట్టి చిన్న దద్దురు లేస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడు రోజులూ ఏడు కార్డులు రాశాను. "వాపు లేదు. జ్వరం లేదు. చీము లేదు. ఇవాళ మారు అన్నం అడిగాడు." ఎనిమిదో రోజున ఆమె దగ్గర నుంచి రెండే మాటల కార్డు వచ్చింది. "గుడ్డు పెట్టు."

పన్నెండో వారం ఎక్స్-రేలో విరిగిన చోట కొత్త ఎముక తెల్లగా, నిండుగా కనిపించింది. డాక్టరు గారు ఫిల్ము నా చేతికిచ్చి "ఇంక మద్రాసు మాట లేదు" అన్నారు. పరుగెత్తుకుంటూ పోయి ఈరన్నకు చూపించాను. నర్సులు వార్డులో పరుగెత్తకూడదు. అయినా పరుగెత్తాను.

ఇంకో నెలకు వాణ్ని చంకకర్రల మీద ఇంటికి పంపే రోజు వచ్చింది. కాలు పూర్తిగా ఆనేదాకా ఆఫీసులో కూర్చుని తపాలాలు వేరుచేసే పని ఇస్తామని, తర్వాత సైకిలు ఇస్తామని వాళ్ల గుమాస్తా వచ్చి చెప్పి పోయాడు. ఆ రోజు హనుమక్క వచ్చింది. అత్తను రెండు దినాలు పొరుగింటామెకు అప్పజెప్పి, తెల్లవారుజామున బయల్దేరి వచ్చింది. బక్కపలచటి మనిషి. కొడుకు కాలిని పైనుంచి కిందికి తడిమింది, చంకకర్రలు తడిమింది. నాతో ఏం మాట్లాడుతుందోనని నాకు లోపల బెరుకుగా ఉంది. నా మొదటి కార్డు ఇంకా నా గుండెల మీదే ఉంది.

కొడుకు ముందు నడుస్తుంటే ఆమె వరండాలో ఆగింది. "ఒక మాట అడుగుతా, దాచకుండా చెప్తావా తల్లీ? వీడు తిని బాగయినాడు. మరి ఆయప్ప నేను పెట్టినందుకే పోయినాడా?"

ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. "ఆఖరి రోజుల్లో దవడలు బిగుసుకున్నాయా అమ్మా?"

"ఔ. నోట్లో నీళ్లు పోసేకి కూడా రాకపాయె."

"ఒళ్లు విల్లులా వంగిందా?"

"వంగె తల్లీ. నలుగురు పట్టినా నిలవకపాయె."

"అది ధనుర్వాతం. మట్టిలోని విషం కర్రు గుచ్చుకున్న దారిన ఒంట్లోకి పోయింది. కర్రు గుచ్చుకున్ననాడే వచ్చేసింది. పప్పు పెట్టినా, పెట్టకపోయినా అదే జరిగేది. మీరు పెట్టింది అన్నమే అమ్మా, ఆయన ఆశపడ్డ అన్నం."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. "ఎనిమిదేండ్లు" అంది. "ఎవర్ని అడిగేదో తెలీక ఎవర్నీ అడగలే."

ఆ తర్వాత చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. వార్డులో ఎవరైనా పళ్లెం పక్కకు నెడితే నాకు కోపం రాదని చెప్పను, ఇప్పటికీ వస్తుంది. కానీ ముందు స్టూలు లాక్కుని వాళ్ల పక్కన కూర్చుంటాను. ఎందుకు తినవని అడగను. ‘మీ ఇంట్లో ఎవరికేమైంది?’ అని అడుగుతాను.