మాసిన ఆయిల్, తెల్ల చీర కొంగు

మా ఇంట్ల అందరికంటె ఎక్కువ చదువుకున్నది బావి కాడి ఆయిల్ ఇంజనే. దాని వీపు మీద ఇంగ్లీషు అక్షరాలుండె. నేను ఆరో తరగతి సగంల బడి ఇడిసిపెట్టినోణ్ణి. నా వీపు మీద పంతులు బెత్తంతోని రాసినయే ఉండె.

మొన్న కొడుకు కారు తీస్కొని నేను, నా ఇంటామె మొయినాబాద్ గ్యారేజీకి పోతె ఆ ఇంజన్ యాదికొచ్చింది. మెకానిక్ రెండు డబ్బాలు చూపెట్టి, "తాతా, మామూలుది పోయాల్నా, సింథటిక్ పోయాల్నా? సింథటిక్ జర పిరం గని, మార్చకుండ చానా దూరం పోవచ్చు" అన్నడు.

"మార్చకుండ నడిపించుడు నాకే నేర్పుతవా బిడ్డా" అని బెంచీ మీద కూసోని మొదలువెట్టిన.

మా బావి చేవెళ్ల తొవ్వల, ముడిమ్యాల దిక్కు ఉండె. మొదటిసారి తెలంగాణ కొట్లాట జోరు మీదున్న ఎండకాలం. తెల్లారంగనే ఇంజన్ తిప్పితె మొదలు ముసలోని లెక్క దగ్గేది, ఆనక టుక్కు టుక్కుమని దాని పాట అందుకునేది. పొగ చుట్టలు చుట్టలుగ లేసి వరి మీద పండుకునేది. కాల్వల నీళ్లు పోతుంటె నేను గట్టు మీద ఒరిగేది. ఆ సప్పుడు నా నిద్రలకు వచ్చేది, నా నిద్ర ఆ సప్పుడులకు పోయేది. ఏది ఇంజనో ఏది నేనో తెల్వకపోయేది. ఇంటామె మాత్రం తెలుస్తదనేది, ఇంజన్ పని చేస్తదట.

ఆయిల్ ఎప్పుడు మార్చాల్నో నాకు వేళ్లే చెప్పేవి. రెండు వేళ్ల నడుమ రుద్దితె జిగురు పట్టకుండ నీళ్ల లెక్క జారిందంటె దాని కాలం తీరినట్టు. దిగిన నల్ల ఆయిల్‌ను ఇంట్ల దాసుకోవద్దు, అడిగినోళ్లకు పంచాలె. గది మా కాడి రివాజు. బండ్ల ఇరుసులకు, బావుల గిలకలకు తలా ఇంత తీస్కపోయేటోళ్లు.

గట్లనే ఒకనాడు పొద్దుగూకే యాళ్లకు చేవెళ్ల నుంచి చదువుకునే పోరగాండ్లు వచ్చిన్రు. "అన్నా, ఊరేగింపుకు కాగడాలు కట్టినం. నల్ల ఆయిల్ ఉంటె ఇయ్యవా?"

ఇంజన్ల ఉన్నది మార్చే కాలం ఎట్లాగూ వచ్చింది. కొత్త డబ్బా పొద్దుగాల పట్నం బస్సుల వచ్చేదుండె. ఇంటామె నా మొకం చూసి, "కొత్తది చేతికొచ్చినంక పాతది దింపు. వరి పొట్ట మీదున్నది, గిప్పుడు నీళ్లు తప్పితె తాలే మిగుల్తది" అన్నది.

"బస్సు ఏడికి పోతది" అనుకుంట నేను బోల్టు ఇప్పిన.

జర సేపటికి తొవ్వ పొడుగున కాగడాలు లేసినయి. నేను గట్టు మీద నిలబడి చూసిన. మడి మడికి నీళ్లు తోడిన ఆయిల్, గిప్పుడు దీపాల వరుసై చేవెళ్ల దిక్కు తేలుకుంట పోతున్నది. నా ఇంజన్ కడుపుల ఇంత ఎల్గు ఉన్నదా అనుకున్న. మనుషులు కనవడలే, ఎల్గులే నడిసినయి.

తెల్లారి బంద్. బస్సు లేదు. నా కాగడాలు ఏ బంద్ కోసం నడిసినయో, ఆ బందే నా డబ్బాను పట్నంల ఆపింది. సైకిల్ మీద మొయినాబాద్ పోతె దుకాణం తలుపులు మూసి ఉన్నయి. వాపస్ వచ్చి చూస్తె మడిల నెర్రెలు పడుతున్నయి. ఇంటామె ఒక వరి కర్రను చేతుల పట్టుకొని, ఉబ్బిన పొట్టను బొటనవేలుతోని ఒత్తి చూస్తున్నది.

పక్క బావి మా కాకది, ఎద్దులతోని మోట తోలేటోడు. "నా ఎద్దులు గడ్డి తింటయి, డబ్బాలు అడగయి" అని నవ్వి, "ఆముదం పొయ్యరాదుర?" అన్నడు. ఇంట్ల ఆముదం ఉండె. వేళ్ల నడుమ మస్తు జిగురున్నది. గని ఇంజన్ అడుగున పాత ఆయిల్ ఇంక అంటుకొని ఉంటది. రెండిటినీ సీసల పోసి ఊపి, ఎండకు పెట్టిన. పొద్దు తిరిగెవరకు కిందిది కిందికి, మీదిది మీదికి పోయినయి. అలిగిన తోడికోడండ్ల లెక్క ఒకటి మొకం ఒకటి చూడలే. ఆముదం వద్దన్న.

కాక సీస దిక్కు చూసి, పోయి ఒక కుండ తెచ్చిండు. "నువ్విచ్చిందేర. గిలకకని దాసి పెట్టిన."

"మరి నీ గిలక?"

"ఏడుస్తె ఏడ్వనీ. నీ వరి ఏడ్వకుంటె సాలు."

ఆయిల్ నిండ మసి, ఇసుక. అడుగు పేరనిచ్చి పైది వడగట్టాలె. పాత చీరలు పెడితె మసి సక్కగ దాటొస్తున్నది. ఇంటామె లోపటికి పోయి, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్ల చీర తెచ్చింది. గసొంటిది ఒక్కటే ఉండె. కొంగు చింపి నాలుగు మడతలేసి గిన్నె మూతికి కట్టింది. ఒక్కొక్క సుక్క దిగుతుంటె ఇద్దరం కూసోని చూసినం. కొంగు నల్లగైంది, ఆయిల్ తేనె రంగుకు రాలే గని కాఫీ రంగుకైతె వచ్చింది.

ఇంజన్‌ను జర సేపు నడిపి, పక్కన అరచెయ్యి పెట్టి, కాలితె ఆపేది. సల్లగైనంక మళ్ల తిప్పేది. దినమంత గిదే పని. ఈ బావి మీద నా ఇంజన్ టుక్కు టుక్కు, ఆ బావి మీద కాక గిలక కీచు కీచు. ఇద్దరు ముసలోళ్లు పొలం మీదికెల్లి ముచ్చట పెట్టుకున్నట్టుండె. ఆ ముచ్చట నడుమ నుంచి నీళ్లు సప్పుడు లేకుండ వరి కిందికి పోయినయి. బస్సులు మళ్ల నడిసి నా డబ్బా వచ్చెవరకు వరి పాలు పోసుకున్నది.

గిట్లంత చెప్పి, మెకానిక్ భుజం తట్టి అన్న: "చూసినవా బిడ్డా, మాసిన ఆయిల్ వడగట్టి పంట తీసినోణ్ణి. నాకు సింథటిక్ చెప్తవా?"

పక్కన కూసున్న ఇంటామె కొంగు సదురుకొని మెకానిక్‌తోని అన్నది: "ఆ ఆయిల్ నయం బిడ్డా, ఒక్క కొంగుతోనే తేరింది. ఈయన్ను యాభై ఏండ్ల సంది వడగడుతున్న, ఇంక నల్లగనే దిగుతున్నడు."