మావారి గుండు మొక్కు గుండు కాదు

సహోదరీ సహోదరులారా, ప్రభువు మీకు సమాధానమిచ్చు గాక, నాకు మాత్రం ఈ పూట మనసులో సమాధానం లేదు, కోపంతోనే నిలబడ్డానని ముందే చెప్పేస్తున్నాను!

మండవల్లి చేపల చెరువుల్లో మేత చల్లే మావారు రత్నంగారిని మీరంతా ఎరుగుదురు. నిరుడు వానాకాలం మేత బస్తా ఎత్తబోయి మూర్ఛొచ్చి గట్టు మీద పడిపోయారు, ఏలూరులో స్కాన్ తీస్తే మెదడులో గడ్డ, అదీ మాట పుట్టే చోట అన్నారు, ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు, మిగిలినదానికి కీమో ఎక్కిస్తే వాంతులొచ్చాయి గాని గడ్డ కరగలేదు. ఆదివారం ప్రార్థన చెయ్యడానికి అందరికన్నా ముందు లేచే మనిషి, నా పేరు కూడా పలకలేక నా చెయ్యి పట్టుకుని ఏడ్చేవారు!

మందు మంచిదేనటండి, మెదడు రక్తనాళాల గోడ దాన్ని లోపలికి పోనివ్వదట. మరి ఎక్కించి ఏం లాభం? నాకు దేవుడి మీదే ఒళ్ళు మండింది. "ప్రభువా, ఎర్ర సముద్రాన్ని పాయలు చేసినవాడివి, నా పెనిమిటి తలలో ఈ పిసరంత గోడ నీకు అడ్డమా? తెరుస్తావా లేదా?" అని వంటింట్లో గరిటె పట్టుకుని అరిచాను, అదే నా ప్రార్థన, మోకరించను కూడా లేదు.

వారం తిరక్కుండా డాక్టరుగారు పిలిచి, పట్నంలో పెద్దాసుపత్రిలో ఒక కొత్త పద్ధతి పరీక్షిస్తున్నారు, వెళ్తారా అన్నారు. నెత్తురులోకి కంటికి కనబడని బుడగలు పంపి, తల బయటినుంచి అల్ట్రాసౌండ్ పెడితే ఆ గోడ కాసేపు తెరుచుకుంటుందట, ఆ కాసేపట్లో మందు లోపలికి పోతుందట, తర్వాత దానంతటదే మూసుకుంటుందట. నేను నోరు తెరుచుకుని వింటుంటే, మావారు చెరువు తూము ఎత్తినట్టు చేత్తో చూపించి తలూపారు. నయమవుతుందని మాటివ్వలేమన్నారు, అయినా సంతకం పెట్టాం.

వెంట్రుకలు అడ్డం రాకూడదని తల నున్నగా గొరిగారు. ఇదిగో, ఇక్కడ మొదలైంది! తిరిగొచ్చి బస్సు దిగామో లేదో, "వీళ్ళ ప్రార్థనలు అయిపోయాయి, చినతిరుపతి కొండెక్కి గుండు కొట్టించుకొచ్చారు" అని నా చెవిన పడింది, అన్నది సంఘంలోవాళ్ళేనండి! అల్ట్రాసౌండ్ అని చెబితే, అది కడుపుతో ఉన్నవాళ్ళకి కదా అని ముసిముసి నవ్వులు! ఏటా కొండకెళ్ళే మా పక్కింటి లక్ష్మి ఒక్కతే, "వదినా, ఇది మా మొక్కు గుండు కాదే, అన్నయ్యగారి తలకి ఏం చేశారండీ?" అని దగ్గర కూర్చుని అడిగింది.

మూడోసారి వెళ్ళొచ్చాక స్కానులో గడ్డ చిన్నదైంది, సహోదరులారా! పోయిందని అబద్ధమాడను, ఇంకా వెళ్ళాలి. కానీ మొన్న శుక్రవారం అన్నం ముందు మావారు కళ్ళు మూసుకుని, తడబడుతూ, "తండ్రీ... మా సంఘాన్ని... దీవించు" అన్నారు. ఇన్ని నెలలకి నోటికొచ్చిన మొదటి ప్రార్థన, తన కోసం కాదు, నా కోసం కాదు, ఆడిపోసుకున్న మీ కోసం! నాకెంత ఒళ్ళు మండిందో అంత ఏడ్చాను.

గోడ తెరిచిన దేవునికే మహిమ! మీ ఇంట్లో రోగముంటే ప్రభువుని నమ్మండి, కోపంగానైనా సరే అడగండి, డాక్టరు దగ్గరికీ వెళ్ళండి. మావారు అదిగో, వెనక బల్ల మీదే ఉన్నారు, జుట్టింకా రాలేదు. ఆ గుండు సంగతి ఇకమీదట ఆయన్నే అడగండి. నిదానంగానైనా, ఆయన నోటితో ఆయనే చెబుతారు.