రెండో ముడి

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఎవరికైనా గాలి సోకిందంటే "ముందు బీపీ చూపించండి" అని పెద్దవాళ్ళ చేత తిట్లు తిన్నదాన్ని. ఇప్పటికీ నమ్మను. అయినా రెండేళ్ళ కిందట చలికాలంలో టెక్కలి దగ్గర ఒక రాతికొండ మీద జరిగింది తలుచుకుంటే మాత్రం ఆ నవ్వు రాదు.

మాది బారువ. నాన్న సముద్రం మీద వేటకి వెళ్ళిన మనిషి. కొడుకుల్లేరు కాబట్టి తాళ్ళ పనంతా నాకే నేర్పాడు. ఆయన కుడిచేతి బొటనవేలు ఎప్పుడో వలతాడు లాక్కుపోయింది. అందుకని ముడి అందరిలా కాక తిరగేసి వేస్తాడు. కొసని రెండుసార్లు లోపలికి దోపి జానెడు వదిలేస్తాడు. అలా వేసేవాళ్ళని ఇంకెవర్నీ నేను చూడలేదు. ఎన్నిసార్లు నేర్పినా నాకూ రాలేదు.

పడవ కట్టేటప్పుడు ఆయన ఒక్క కొయ్యని ఎప్పుడూ నమ్మడు. మిగిలిన తాడుని ఇంకోదానికి కూడా కడతాడు. "ఒకటి మోసం సేసినా ఇంకోటి ఉంటాది" అనేవాడు. నాకది చాదస్తంలా ఉండేది.

నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తాను. కొండలెక్కడం నా పిచ్చి. ఆ ఏడు ఒంటరిగా బండి మీద రాజస్థాన్ ఎడారికి వెళ్ళి, డేరా వేసుకుని, అక్కడి బండలెక్కాలని సెలవులన్నీ దాచుకున్నాను. అంతలో నాన్న కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఇది కొత్త కాదు. వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఎడారి మానేశాను. ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీక, ఆఫీసు పని ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి రెండు రోజులకి బండి తీశాను.

కోటబొమ్మాళిలో టీ తాగి, టెక్కలి మీదుగా రావివలస దాటి, ఆ కొండ కింద డేరా వేశాను. బోడి బండ. నా ప్రాప్తానికి ఇదే ఎడారి అనుకున్నాను. రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఏ చప్పుడూ వినలేదు, ఏ నీడా చూడలేదు. అలాంటివి ఆశించేవాళ్ళు నన్ను క్షమించాలి.

పొద్దున్నే వెనకవైపు నుంచి నడిచి పైకెక్కాను. పైన బండ పగుల్లో ఒకే ఒక్క వేపచెట్టు, నా తొడంత లావు. తాడు దానికి కట్టి, ముందువైపు నిలువు బండ మీదుగా దిగి, మళ్ళీ ఎక్కాలని నా ప్లాను. చెట్టు వెనక పెద్ద రాయి ఉంది. దానికి కూడా కట్టాలని నాకు తెలుసు. కానీ ఎండెక్కుతోంది, బద్ధకం. మిగిలిన తాడు చుట్టచుట్టి ఆ రాయి పక్కన పడేసి, ఫోనులో ఫొటో తీసుకున్నాను. టైము తొమ్మిదీ ఇరవై.

సగం దిగాను. పైన పటపటమని చప్పుడైంది. నిలువెత్తు కిందికి పడ్డాను. అయిపోయాననుకున్నాను. దేవుడు గుర్తురాలేదు. నాన్నకి ఈ కబురు ఎవరు చెప్తారు అన్నదొక్కటే గుర్తొచ్చింది. అప్పుడు తాడు నడుముని ఒక్క గుంజు గుంజి ఆగిపోయింది.

మిగతాది ఎలా దిగానో తెలీదు. చుట్టూ తిరిగి మళ్ళీ పైకి వెళ్ళాను. వేపచెట్టు వేళ్ళతో సహా ఊడొచ్చి అంచున పడి ఉంది. నన్ను ఆపింది చెట్టు కాదు. నేను చుట్టచుట్టి పడేసిన తాడు ఆ రాయికి కట్టి ఉంది. తిరగేసిన ముడి. కొస రెండుసార్లు దోపి, జానెడు వదిలి ఉంది.

అక్కడే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. ఫోను తీసి ఫొటో చూశాను. అందులో తాడు చుట్టలాగే ఉంది. రాయికి ఏ కట్టూ లేదు. ఆ ముడి విప్పడానికి నాకు చెయ్యి రాలేదు. దానికి అటూ ఇటూ తాడు కోసి సంచిలో వేసుకున్నాను. కిందికి దిగాక, దారి మొదట్లో పుల్లలు ఏరుతున్న ముసలమ్మని అడిగాను. "నువ్వు తప్ప ఎవులూ ఎక్కనేదమ్మా" అంది.

రోడ్డెక్కాక సిగ్నల్ వచ్చింది. అమ్మ చాలాసార్లు ఫోను చేసి ఉంది. తిరిగి చేస్తే ఒకటే ఏడుపు. "నాన్న మిసను మీదుండగా దిగ్గున లేసి కూకున్నాడే. సేతులు గాల్లో తిప్పుతున్నాడు, మోకు కడతన్నట్టు. సూది ఊడిపోనాది. నర్సమ్మ పట్టుకుంటేగానీ ఆగనేదు." ఎప్పుడని అడిగాను. తొమ్మిదిన్నర అంది.

పలాస దాకా బండి ఎలా నడిపానో గుర్తులేదు. నాన్న మంచం మీద ఉన్నాడు, కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని. నేను కొండకి వెళ్ళినట్టు ఆయనకే కాదు, ఎవరికీ తెలీదు. నన్ను చూసి సగం కళ్ళు తెరిచాడు.

"ముడి బిగిసినాదా అమ్మా? సేతుల్లో సత్తువ నేదు. గట్టిగా లాగనేకపోనాను."

"బిగిసినాది నాన్నా" అన్నాను.

సాయంత్రం నిద్ర లేచాక అడిగితే ఆయనకేమీ గుర్తులేదు. ఏ ముడి, ఏటి మాటలు అన్నాడు. కాకతాళీయమని చెప్పేవాళ్ళున్నారు. నేనే కట్టి మర్చిపోయానని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆ ముడి నాకు వేయడం రాదని వాళ్ళకి తెలీదు.

సంచిలోంచి తాడుముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలు లేని చేత్తో అటూ ఇటూ తిప్పి చూశాడు. దోపిన కొసని తడిమాడు.

"ఇది నా ముడేనే. ఎప్పుడు కట్టినాను?" అని నన్నే అడిగాడు.

రెండేళ్ళయింది. ఇంకా చెప్పలేదు. ఏం చెప్పాలో నాకు తెలిస్తే కదా.