సగం చూసి చెప్పిన సినిమా

2022లో నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో సీనియర్ నర్సుని. ఎనిమిది మంచాలు, ఎనిమిది యంత్రాలు, పొద్దున్న ఆరింటికల్లా మొదటి షిఫ్టు. కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని యంత్రంలోకి తీసి, శుభ్రం చేసి, తిరిగి ఒంట్లోకి ఎక్కించడమే డయాలసిస్ అంటే. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అంతసేపూ సూదులున్న చెయ్యి కదపకూడదు. మరి మనిషికి పొద్దెలా పోతుంది? గోడ మీది టీవీలో సీరియల్ చూస్తాడు, లేకపోతే పక్క మంచం ఆయనతో రాజకీయాలు మాట్లాడి బీపీ పెంచుకుంటాడు.

నాకేమో డాక్యుమెంటరీల పిచ్చి. హీరో, పాటలు ఏవీ లేకుండా నిజం మనుషుల్ని పెట్టి తీసే సినిమాలు. ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళవి, పడవలు కట్టేవాళ్ళవి, ఎక్కడో మంచుకొండల్లో గొర్రెలు కాసుకునేవాళ్ళవి. చూసినవాటిలో నచ్చినవి ఒక నోటుపుస్తకంలో రాసుకుని, మనిషిని బట్టి చెప్పేదాన్ని. రైతుకి తేనెటీగల సినిమా, రిటైరైన మాస్టారికి కొండమీద బడి నడిపే ఆవిడ సినిమా. 'సినిమాల సిస్టరు' అని పేరు కూడా పడింది. ఆ పేరు నాకు బాగానే ఉండేది. నేను చెప్పింది చూసి ఎవరైనా "బాగుందండి" అన్నారంటే ఆ పూట నాకు ఆకలే తెలిసేది కాదు, అంత సంబరం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ మాట నన్నే అంటున్నారని నాకప్పట్లో తోచలేదు.

ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. జబ్బుల సినిమాలు చెప్పకూడదు. మంచం మీద ఉన్నవాళ్ళకి మళ్ళీ మంచాలు చూపించడమెందుకని. ఆ నియమం ఒక్కసారే తప్పాను.

సత్తిబాబు గారిది రావులపాలెం. అరటి మార్కెట్లో గెలల వ్యాపారం, యాభై దాటిన వయసు, నవ్వు ముఖం. కిడ్నీ జబ్బువాళ్ళు అరటిపండు తినకూడదు. అందులో ఉండే పొటాషియం ఒంట్లోంచి బయటికి పోలేక గుండెకి చుట్టుకుంటుంది. పాతికేళ్ళు గెలల మధ్య తిరిగిన మనిషి పండు ముట్టకూడదన్నమాట. అయినా వచ్చినప్పుడల్లా మాకోసం ఒక అత్తం చక్కెరకేళి అరటిపండ్లు తెచ్చేవారు. "మీరు తింటుంటే నేను చూస్తానండి, చూడ్డానికి పొటాషియం లేదు కదా" అనేవారు.

ఆయన భార్య మంగతాయారు గారు కూడా వచ్చేవారు. ఇన్ఫెక్షన్ భయంతో యూనిట్ లోపలికి ఇంట్లోవాళ్ళని రానివ్వం. తలుపు బయట వరండాలో ఒక ఇనప బల్ల ఉండేది. ఆ నాలుగు గంటలూ ఆవిడ దాని మీదే కూర్చునేవారు. లోపలికి వెళ్తూ వస్తూ నేను పలకరింపుగా తలూపేదాన్ని. ఆవిడా తలూపేవారు. మా పరిచయం అంతే.

ఆవిడ కిడ్నీ ఆయనకి సరిపోయింది. బ్లడ్ గ్రూపు కలిసింది, పరీక్షలన్నీ అయ్యాయి. క్రాస్ మ్యాచ్ అని ఆఖరిదొకటుంటుంది. ఇచ్చేవాళ్ళ రక్తం, పుచ్చుకునేవాళ్ళ రక్తం కలిపి చూస్తారు, ఒకదాన్నొకటి ఒప్పుకుంటాయా లేదా అని. అదీ బాగానే వచ్చింది. విశాఖపట్నంలో ఆపరేషన్‌కి రోజు కూడా ఇచ్చారు. అది దగ్గర పడుతున్నకొద్దీ సత్తిబాబు గారిలో నవ్వు తగ్గింది.

"భయంగా ఉందాండీ?" అని అడిగాను, సూది పెడుతూ.

"నాకు కాదండి. కోసేది ఆవిణ్ణి కూడా కదండి. ఏ రోగం లేని మనిషిని తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టడం ఏంటా అని."

అప్పుడే నా నోరు ఊరుకోలేదు. తమ్ముడికి అన్నయ్య కిడ్నీ ఇచ్చిన సినిమా ఒకటి ఆ మధ్య మొదలుపెట్టాను. పక్క రాష్ట్రంలో తీసింది, తెలుగు మాటలతో దొరికింది. గంటన్నర ఉంటుంది. డ్యూటీకి వస్తూ బస్సులో సగం చూశాను. ఆపరేషన్ అయింది, అన్నదమ్ములిద్దరూ ఇంటికొచ్చారు, వీధిలో వాళ్ళు దండలు వేశారు. అంతలో మా స్టాపు వచ్చింది, దిగిపోయాను. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు చూస్తే చాలంటారుగా. నేనూ మెతుకు పట్టుకుని చూసి ఉడికిందనుకున్నాను.

"ఇది చూడండి సత్తిబాబు గారూ, మీకోసమే తీసినట్టుంటుంది" అని ఆయన ఫోన్‌లో పెట్టి, ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టాను.

షిఫ్టు అయ్యాక "ఎలా ఉందండీ?" అని అడిగాను. "చూశానండి" అన్నారు. అంతే. నేను దాన్ని కూడా మెచ్చుకోలు కిందే వేసుకున్నాను.

తరువాతిసారి వచ్చినప్పుడు పండ్లు తేలేదు. "ఆపరేషన్ వద్దనుకున్నామండి" అన్నారు.

"అనుకున్నామంటే ఎవరండీ?"

"నేనేనండి."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మిగతా సగం చూశాను. రెండో ఏడు తమ్ముడికి రిజెక్షన్ వచ్చింది. అంటే ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదనుకుని పాడుచేయడం. మళ్ళీ డయాలసిస్ మంచం. అక్కడ పడుకుని ఆ తమ్ముడు కెమెరాతో అంటాడు, అన్నయ్య ఎదురొస్తుంటే నేను సందు మారిపోతున్నాను, ఆ ముఖం చూడలేకపోతున్నాను అని.

మర్నాడే మా డాక్టరు గారికి చెప్పేశాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. సత్తిబాబు గారి పక్కన కుర్చీ వేసుకుని, అందరికీ అలా జరగదని, మందులున్నాయని, ఇచ్చినవాళ్ళు మామూలుగానే బతుకుతారని ఓపిగ్గా చెప్పారు.

సత్తిబాబు గారు అంతా విన్నారు. "ఒకవేళ పోయిందనుకోండి. ఆవిడ ముందు నేనెలా తిరగాలండి?"

నేను నోటుపుస్తకం తెరిచి, ఆపరేషన్ బాగా జరిగినవాళ్ళ సినిమాలు రెండున్నాయని చెప్పబోయాను. "చాలండి సిస్టర్ గారూ" అన్నారు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే ఇంకోసారి బతిమాలుకునేదాన్ని.

తొమ్మిది నెలలు అలాగే వచ్చారు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య ఒకరోజు ఎక్కువ ఎడం వస్తుంది. నీరూ పొటాషియమూ పేరుకుపోయి, ఆ ఎడం గుండెకి బరువని మా వృత్తిలో అందరికీ తెలుసు. ఒక సోమవారం ఆరింటికి ఆయన మంచం ఖాళీగా ఉంది. ఏడింటికి ఫోన్ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి లేవలేదట. ఆ మంచానికి దుప్పటి మార్చి ఇంకొకరిని పిలవాలి. పిలిచాను. ఆ రోజు ఎవరైనా సినిమా చెప్పమంటారేమోనని వాళ్ళ ముఖం చూడలేదు.

దినాలయ్యాక మంగతాయారు గారు కేసు కాగితాల కోసం వచ్చారు. కవరు చేతికిచ్చాను. ఆవిడ కదల్లేదు.

"ఆయన ఏదో సినిమా చూసి మనసు మార్చుకున్నారంటండి. మీరే పెట్టారట కదా. నాకూ ఒకసారి చూపిస్తారా?"

పూర్తిగా చూడకుండానే చెప్పానని, తప్పు నాదేనని ముందు చెప్పాను. ఆవిడ విన్నారో లేదో తెలియదు. వరండాలో ఆ బల్ల మీదే పక్కపక్కన కూర్చున్నాం. నా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, గంటన్నరా చూశారు. దండల దగ్గర ఏమీ అనలేదు. తమ్ముడి మాటల దగ్గరా ఏమీ అనలేదు. అయిపోయాక ఫోన్ నా చేతికిచ్చారు.

"కిడ్నీ ఇచ్చిన ఆయన్ని ఎవరూ ఒక్క మాటా అడగలేదేంటండి ఇందులో?"

నాకు అర్థం కాలేదు.

"అన్నయ్య ఉన్నాడు కదండి. తమ్ముడు మాట్లాడినంతసేపూ వెనకాల గుమ్మంలో నిలబడే ఉన్నాడు. ఆయన్నేం అడగలేదు."

అప్పటికి ఆ సినిమా నేను మూడుసార్లు చూశాను. గుమ్మంలో మనిషి నాకు కనపడలేదు.

"మా ఆయనా నన్ను అడగలేదండి. వద్దన్నానని వచ్చి చెప్పారంతే. డాక్టరు గారు ఆయనతోనే మాట్లాడారు. మీరూ ఆయనకే చూపించారు. నేను ఇక్కడే ఉన్నాను కదండి."

"అడిగితే ఏం చెప్పేవారండీ?" అన్నాను. అన్నాళ్ళూ అడగాలని తోచలేదు, తోచాక కూడా ఎప్పుడడగాలో తెలియలేదు.

ఆవిడ నా వైపు చూశారు. "ఇప్పుడు చెప్పి ఎవరికిచ్చేదండి" అని, కవరు సంచిలో పెట్టుకుని బస్సుకి వెళ్ళిపోయారు.

చూడదగ్గ సినిమాలు చెప్పడం ఆ రోజుతో మానేశాను. ఎవరైనా అడిగితే ఈ మధ్య ఏవీ చూడలేదంటున్నాను. ఆ కేసు వల్ల ఏం నేర్చుకున్నారని మా కొత్త నర్సులు అడుగుతుంటారు. చివరిదాకా చూడనిది ఎవరికీ చెప్పకూడదని అంటాను. అది వాళ్ళకి చెప్పడానికి. నేను నేర్చుకున్నది వేరు. ఏడాదికి పైగా రోజు విడిచి రోజు ఆ తలుపు తోసుకుని ఆవిడ పక్కనుంచే తిరిగాను. ఒక్క పూట ఆగి, మీరేమనుకుంటున్నారండీ అని అడిగి ఉంటే, ఆవిడ ఆ మాట ఆయనతో కూడా చెప్పుకునేవారేమో. దానికి సినిమా అక్కర్లేదు. రెండు నిమిషాలు చాలు. నేను అడగలేదు.